సర్దుకున్నాను అన్నచోట టిక్కు

ఉన్నత విద్యాశాఖ మూడో అంతస్తులో, బీరువాల వెనక ఇరుకు గదిలో కూర్చునే గుమాస్తాను ఆఫీసంతా టిక్కు మేడం అనేది. ప్రభుత్వం తన ఖర్చుతో ఏటా నలభై మంది విద్యార్థులను విదేశీ విశ్వవిద్యాలయాలకు ఏడాది చదువుకు పంపుతుంది. అక్కడి నుంచి అంతమందీ ఇక్కడికొస్తారు. మనవాళ్ళు వెళ్ళిన నెలకు నింపి పంపే ఫారాలు చదివి, పథకం ఫలించిందో లేదో తేల్చడం ఆవిడ పని. తేల్చడమంటే మరీ పెద్ద మాటలెండి. ఏడో ప్రశ్న "అక్కడ సర్దుకున్నారా?" దాని కింద "సర్దుకున్నాను" అని కనబడితే చాలు, ఎర్ర టిక్కు. పంతొమ్మిదేళ్ళుగా పథకం ఫలిస్తూనే ఉంది.

ఆవిడకు నా అన్నవాళ్ళు లేరు. తమ్ముడున్నాడు గానీ అమ్మ పోయాక రాకపోకలు లేవు. ఆఫీసు నుంచి ఒంటిగదికి చేరాక, పక్కింటి టీవీ గోడలోంచి వినబడుతుంటే అదే తోడనుకునేది. ఒంటరితనం మీద ఒళ్ళు మండేది కూడా. కానీ విసుక్కోవడానికైనా ఎదురుగా ఓ మనిషుండాలి కదా!

ఒక సోమవారం ఒకమ్మాయి వచ్చి బీరువా పక్కన నిలబడింది. ఏడాదికని వెళ్ళి ఆరు నెలలకే తిరిగొచ్చేసిన పిల్ల. సరైన కారణం లేకుండా వచ్చేసినవాళ్ళకు ఇక్కడి కాలేజీ ఆ ఏడాదిని లెక్కలోకి తీసుకోదు. శుక్రవారం కమిటీ కూర్చుని తేలుస్తుంది.

"నేను బాగా సర్దుకున్నానని మీ ఫైల్లో ఉందటండీ. మరి ఎందుకొచ్చేశావంటున్నారు కాలేజీవాళ్ళు."

"నువ్వే రాశావు కదమ్మా!" మేడం ఫారం తీసి చూపించింది. గుండ్రటి అక్షరాల్లో ఉంది: మూడో వారంలోనే సర్దుకున్నాను.

"పెట్టె సర్దుకున్నానండీ."

మేడం ఫారాన్ని తన వైపు తిప్పుకుంది.

"అక్కడ నన్ను పలకరించే దిక్కు లేదు. సర్దుకున్నారా అని మీ ఫారంలో అడిగితే, నా సంగతి తెలిసి వెనక్కి రమ్మంటున్నారేమో అనుకున్నా."

మేడం కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది. కింద ఇంకో ముక్క ఉంది: రెండు జతల బట్టలు మాత్రం బయట ఉంచాను. టిక్కు తోక సరిగ్గా దాని మీదుగా పోయింది.

తప్పు తనదని కాగితం రాసి పట్టుకెళ్తే పై అధికారి తల పట్టుకున్నాడు.

"ఇంకో నాలుగు నెలల్లో రిటైరవుతారు. కోరి కోరి కొరివితో తల గోక్కుంటారా? ఈ ఒక్క టిక్కు తప్పంటే, అన్ని టిక్కులూ తప్పేమో అంటారు మేడం."

"అననివ్వండి సార్. నేనూ అదే అనుకుంటున్నాను."

కమిటీ ఆ కాగితం చదివింది. పిల్లకు ఆ ఏడాది దక్కింది. పాత ఫారాలన్నీ తిరగదోడమని పై నుంచి ఉత్తర్వు వచ్చింది, దాంతో ఆ పని నెత్తిన పడ్డవాళ్ళంతా మేడంతో మాట్లాడటం మానేశారు. అంతకుముందు గంటల తరబడి మాట్లాడేవాళ్ళని కాదు గానీ, ఆ కాస్త పలకరింపూ పోయేసరికి ఆవిడకు కష్టంగానే ఉంది.

అమ్మాయి ఉత్తర్వు కాపీ తీసుకోవడానికి వచ్చింది. థాంక్సండీ అని మడిచి సంచీలో పెట్టుకుంది. ముఖంలో మాత్రం సంతోషం లేదు.

"ఇంకేమమ్మా, అంతా సరైపోయిందిగా?"

"ఫారం మీకు చేరిందని అప్పుడు మెసేజ్ వచ్చిందండీ. ఇక ఎవరో ఒకరు ఫోన్ చేస్తారని చూశాను. స్నానానికెళ్ళినా ఫోన్ తలుపు దగ్గరే పెట్టుకునేదాన్ని. ఒక్కసారి ఎవరైనా ఎలా ఉన్నావని అడిగుంటే, ఉండిపోయేదాన్నేమో."

"ఎన్నాళ్ళు చూశావు?"

"ఐదు నెలలు."

అమ్మాయి వెళ్ళిపోయాక మేడం ఫారం మళ్ళీ తీసింది. ఆ ఐదు నెలలూ ప్రతి సాయంత్రం తను ఫోన్ పక్కన పెట్టుకుని, చేయడానికి ఎవరూ లేక ఖాళీగా కూర్చుంది. అమ్మాయి నంబరు మొదటి వరసలోనే ఉంది.