ఉసిరికొమ్మ పక్కన రాయి

సింగపూర్‌లో శరదృతువు ఉండదు. ఏడాది పొడుగునా ఒకటే ఉక్క, ఒకటే వాన. అయినా కార్తీకమాసం వచ్చిందంటే మనవాళ్లకు వనభోజనాలు గుర్తొస్తాయి. ఆ ఏడు మా ఐటీ కుటుంబాలన్నీ సెంబవాంగ్‌లోని ఒక పాత బంగళా తోటకు బయల్దేరాయి. ఎప్పుడో ఇంగ్లీషు నేవీ అధికారుల కోసం కట్టిన ఇల్లు అది. తెల్ల గోడలు, నల్ల చట్రాలు, ఇంటికి నాలుగింతలు తోట. ఇప్పుడు అందులో అద్దెకుంటున్న దొరల దగ్గర వంట చేసే ఆంటీ అనుమతి సంపాదించింది. మలేషియాలో పుట్టిన తెలుగావిడ.

నేను పులిహోర కోసం వెళ్లలేదు. అంతకు కొద్ది నెలల ముందు నాకు బిడ్డ పుట్టి, కళ్లు తెరవకుండానే పోయాడు. పేరు కూడా పెట్టలేదు. ఆసుపత్రివాళ్లు అంతా మేమే చూసుకుంటామన్నారు, మావారు సరేనన్నారు. వాణ్ణి ఎక్కడ పెట్టారో నాకెవరూ చెప్పలేదు. కంప్యూటర్ ఉద్యోగాలు వెల్లువెత్తుతున్న రోజులవి. నెలాఖరుకల్లా ఇంకో దేశం వెళ్లమంది కంపెనీ. అందరూ అభినందించారు. నాకు మాత్రం వెళ్లేలోగా ఈ నేలమీద వాడికోసం ఒక్క దీపమైనా పెట్టాలని పట్టుదల.

తోటలో ఉసిరిచెట్టు లేదు. లిటిల్ ఇండియాలో కొన్న కొమ్మను ఆంటీ ఓ పెద్ద చెట్టు మొదట్లో గుచ్చింది. పక్కనే నాచుపట్టిన పలకరాయి ఒకటి నేలలోకి సగం కూరుకుపోయి ఉంది. గడ్డి తడిగా ఉంది, దీపానికి ఆ రాయే మంచిదన్నారు. నాచు గీకి, కడిగి, రాయంతా పసుపు పూశాను. బొట్లు పెట్టి, దీపం వెలిగించి, కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకున్నాను. చాలాకాలానికి మనసు కాస్త కుదుటపడింది.

కళ్లు తెరిచేసరికి మావారు వంగి రాయిని చదువుతున్నారు. పసుపు అరిగిపోయిన గాట్లలోకి దిగి, అంతవరకూ కనబడని ఇంగ్లీషు అక్షరాలు పైకి తేలాయి. ఒక పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు, కింద 'మా నమ్మకమైన కుక్క' అని.

విస్తళ్ల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. ఆంటీ మొహం మాడిపోయింది.

"అయ్యయ్యో, కుక్క గోరీ పక్కన తిండేంది, మకాన్ ఏంది లా? అన్నీ ఎత్తండి, అటు పోయి తిందాం. నువ్వూ లెయ్యమ్మా."

గిన్నెలు, చాపలు, ఉసిరికొమ్మతో సహా అందరూ వసారాలోకి తరలిపోయారు. నేను కదల్లేదు. నాకు నవ్వు రాలేదు, అపచారం అనీ అనిపించలేదు. కడుపు మండిపోయింది. ఎవరో దొర తన కుక్కను మట్టిలో పెట్టి, రాయి చెక్కించి, ఓడెక్కి పోయాడు. ఇన్నేళ్లయినా అది ఎక్కడుందో ఎవరినీ అడగక్కర్లేదు.

"లే, అంతా చూస్తున్నారు," అన్నారు మావారు.

"చూడనివ్వండి. దీనికో చోటుంది. మన బాబును ఎక్కడ పెట్టారండీ?"

ఆయన వంగి రాయిమీది పేరును వేలితో తడిమారు.

"నేనడగలేదు," అన్నారు. "అడిగితే చెప్పేస్తారేమోనని భయమేసింది."

వసారాలోంచి ఆంటీ భోజనాలకు పిలుస్తోంది. ఆయన నా పక్కన తడిగడ్డిలో కూలబడ్డారు. దీపం కొండెక్కేదాకా ఇద్దరం ఆ కుక్క దగ్గరే కూర్చున్నాం.