మూసారాం రాముడు కాడు

మా అత్తగారిది హైదరాబాదులో మూసారాంబాగ్. మామగారు పోయిన ఏడాదికి మావారు ఆవిడను సింగపూర్ తీసుకొచ్చారు. వచ్చిన కొత్తలో మేముండే టోవా పాయో ఫ్లాట్ల బ్లాకు లిఫ్టులో ఎవరు కనిపించినా చేతులు జోడించేవారు. నెల తిరిగేసరికి చైనా ఆంటీలు కూడా ఆవిడకు ఎదురు దణ్ణాలు పెట్టడం మొదలుపెట్టారు.

నేను పెరిగింది విజయవాడలో. పనిచేసేది సైన్స్ పార్క్‌లో, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. అంటే ఎవరో రాసినదానిలో తప్పులు వెతకడం. కోడిగుడ్డుకు ఈకలు పీకే ఉద్యోగమని మావారు వెక్కిరిస్తారు. ఆ బుద్ధిని ఆఫీసులోనే వదిలి రావడం నాకు ఎప్పుడూ చేతకాలేదు.

మా పాపకు అప్పుడు తొమ్మిదేళ్లు. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇక్కడి సింగపూర్ ఇంగ్లీషులో. సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి నానమ్మ, మనవరాలు హాల్లో నేల మీద కూర్చుని ఉండేవారు. ఆవిడ వెల్లుల్లి ఒలుస్తూ ఒకే కథను రోజుకు కొంచెం చొప్పున చెప్పేవారు. అది ఆవిడ పేటకు పేరిచ్చిన మూసారాం కథ. చెప్పులు విప్పుతూ ఒక ముక్క, బియ్యం కడుగుతూ ఒక ముక్క వినేదాన్ని. మొత్తం ఏనాడూ వినలేదు.

"ఓడెక్కి ఒచ్చిండు బిడ్డా, దుకాణం పెడ్తనని. దుకాణంల ఆయన ఏడ కూసుంటడు? కత్తి పట్టిండు. నిజాం నవాబు కాడ చేరిండు. తోపులు పోయించిండు. సిపాయి తిన్నంకనే తను తింటుండె."

"వై హి సో గుడ్ వన్, నానమ్మ?"

"రాముడు గదనే. మంచిగుండక ఎట్లుంటడు?"

ఒకరోజు బడి నుంచి కాగితం వచ్చింది. తాతలు, నానమ్మలు ఎవరైనా తరగతికి వచ్చి తమ ఊరి కథ ఒకటి చెప్పవచ్చని. అత్తగారు చెబుతారు, పాప ఇంగ్లీషులో అందరికీ వినిపిస్తుంది, అని వాళ్లిద్దరే నిర్ణయించుకున్నారు. ఈ దేశానికి వచ్చాక ఆవిడను ఎవరైనా ఒక పనికి పిలవడం అదే మొదటిసారి. మూడు రోజుల ముందే గద్వాల చీర ఇస్త్రీ చేయించుకున్నారు.

ముందురోజు సాయంత్రం ట్రైన్‌లో ఊరికే ఫోన్ తీసి మూసారాం పేరు వెతికాను. వెతక్కుండా ఉంటే ఎంత బాగుండేదో. అన్నాలకు కూర్చోగానే మొదలుపెట్టాను.

"అత్తమ్మా, రేపు క్లాసులో రాముడని చెప్పకండి, తప్పు. ఆయన ఫ్రెంచివాడు. నిజాం దగ్గర సేనాని. వాళ్ల భాషలో అయ్యగారు అనే అర్థంలో వాడే మొస్యూ అనే మాట మనవాళ్ల నోట్లో పడి మూసా అయింది. రాం అనేది ఆయన ఇంటిపేరులో మొదటి ముక్క. అంతే."

ఆవిడ చెయ్యి కంచంలోనే ఆగింది. "గట్లనా బిడ్డా? మరి గుట్ట మీద ఆయన గోరీ కాడ దీపాలు పెడ్తుంటిమి గదా. వీనికి జరమొచ్చి కండ్లు తేలేస్తే..." అంటూ కొడుకు వైపు చూశారు.

"దీపం పెడితే ఫ్రెంచివాడు రాముడైపోతాడా అత్తమ్మా?" అన్నాను నవ్వుతూ.

పాప కూడా నవ్వింది. "నానమ్మ గాట్ ఇట్ రాంగ్ లా."

మావారు పెరుగు గిన్నె ఆవిడ వైపు జరిపారు. ఆవిడ పెరుగన్నం కలుపుకుని, మామూలుగానే తిని లేచారు. నేను మంచిపనే చేశాననుకున్నాను. పిల్లల ముందు ఆవిడ నవ్వులపాలు కాకుండా కాపాడానట.

మర్నాడు మోకాళ్లు నొస్తున్నాయని ఆవిడ రానన్నారు. పాప మొహం చూడలేక నేనే సెలవు పెట్టి వెళ్లాను. పాండిచ్చేరి పటం చూపించాను. ఫిరంగుల కార్ఖానా గురించి, మరాఠాలతో యుద్ధం గురించి చెప్పాను. ఆయనకు విషం పెట్టి చంపారనీ కాదనీ రెండు రకాలుగా అంటారన్నాను. ఆయన పోయిన కొద్ది నెలలకే ఇంగ్లీషువాళ్లు ఆయన నడిపిన దళాన్ని చుట్టుముట్టి ఆయుధాలు దించించారని ముగించాను. ఒక్క పొరపాటు లేదు. పిల్లలు మర్యాదగా చప్పట్లు కొట్టారు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో పాప కిటికీలోంచి చూస్తూ, "నానమ్మ స్టోరీ గాట్ హార్స్. యువర్స్ డోంట్ హావ్," అంది.

గుర్రం సంగతి నాకు తెలియదు.

ఆ తర్వాత ఆవిడ వెల్లుల్లి టీవీ ముందు ఒలిచేవారు. పాప పక్కనే కూర్చుని తన ఫోన్ చూసుకునేది. కోపం లేదు, అలక లేదు. నాతో ఎప్పటిలాగే ఉన్నారు. అరిచినా బాగుండేది, నేనూ నాలుగు మాటలని తేల్చుకునేదాన్ని.

కొన్ని నెలలకు, ఏదో మాటల్లో మావారు అన్నారు: "అమ్మ నీకు చెప్పలేదా? మా పూర్వీకుల్లో ఒకాయన ఆ మూసారాం దొర దగ్గర తోపులు లాగేవాడట. ఆ కథ మా ఇంట్లో అలా నోటిమీదే వస్తోంది."

నేను వెతికిన చోట అదెక్కడా రాసి లేదు. రాసుండదు. దొర ఏ యుద్ధంలో గెలిచాడో రాసేవాళ్లు ఉన్నారు గాని, ఆయన తోపులు లాగినవాడి మాట రాసేదెవరు? ఆ మాట రెండు వందల ఏళ్లు నోళ్లు మారుతూ మా హాలు దాకా వచ్చింది. దాన్ని నేను అన్నం ముందు నవ్వుతూ ఆపేశాను. ఆ రోజు నాకు నిజంగా సిగ్గేసింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ ఆదివారమే ఆవిడ పక్కన నేల మీద కూర్చున్నాను. "తప్పయింది అత్తమ్మా. నాకేమీ తెలియక అలా అన్నాను. మూసారాం కథ మీరు చెప్పినట్టే పాపకు మళ్లీ చెప్పండి. నేనూ వింటాను," అన్నాను.

"అయ్యో, దానికేముంది బిడ్డా," అన్నారు. పాప ఫోన్ పక్కన పెట్టి దగ్గరికి జరిగింది. ఆవిడ గొంతు సవరించుకున్నారు.

"ఫ్రాన్సుల పుట్టిండు. నిజాం కాడ నౌకరీ జేసిండు. తోపులు పోయించిండు. సచ్చిపోయిండు."

పాప నానమ్మ మోచెయ్యి పట్టి లాగింది. "తర్వాత?"

"గంతే బిడ్డా. మీ అమ్మనడుగు. ఆమెకు మంచిగ ఎర్క."

ఆ మాటలో వెటకారం ఉందేమోనని ఆవిడ మొహంలోకి చూశాను. లేదు. నిజంగానే అలా నమ్ముతున్నారు. పాప నా వైపు తిరిగింది. గుర్రం సంగతి నాకింకా తెలియదు.