ఒకటో నంబరు బొమ్మకు పసుపు

అప్పలకొండకు మతి చెడిందని, కూతురు వేసిన బొమ్మకు పసుపు పూసి పాడుచేశాడని భిలాయి రుఆబాంధా కాలనీలో ఇంటింటా చెప్పుకుంటున్నారు. పసుపు పూసిన మాట నిజమే. మతి సంగతి మాత్రం అబద్ధం.

పంతొమ్మిదో ఏట పలాస దగ్గరి పల్లె నుంచి భిలాయి వచ్చి, ముప్పై ఎనిమిదేళ్లు ఉక్కు ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల వేడికి ఎదురు నిలబడిన మనిషి. రిటైరైనా సరే, పొద్దున్నే అద్దం ముందు మీసం కత్తిరించుకోనిదే టీ ముట్టడు. ఆయన కూతురు రజని రాయ్‌పూర్‌లో బొమ్మలు అచ్చువేస్తుంది. తండ్రి బొమ్మ ఇరవై ఐదు కాపీలే తీసి, మళ్లీ ఎవరూ వెయ్యకుండా అచ్చు పలకను చెరిపేసింది. ఒకటో నంబరు ఆయనకే ఇచ్చింది. అందులో కళ్లు లేవు, ముక్కు లేదు. రెండు చెవులు, ఒక మీసం, పైన హెల్మెట్ గీత. హెల్మెట్ లోపల కాగితం తెల్లగా అలాగే వదిలేసింది.

చిక్కంతా అక్కడే వచ్చింది. ఆయన పనిచేసిన చోట పనివాళ్లది పసుపు హెల్మెట్, ఆఫీసర్లది తెలుపు. ఆయనతో ఒకే రోజు ఉద్యోగంలో చేరిన నరసింగరావు, బొమ్మ చూస్తూనే టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"ఏరా కొండా, రిటైరయినాక పెమోషనొచ్చిందేటి? సెప్పనేదు."

అప్పలకొండ నవ్వలేదు. మర్నాడు భార్య అప్పయమ్మ స్నానం చేసి వచ్చేసరికి హెల్మెట్ పచ్చగా ఉంది. ఆవిడ తల తుడుచుకోవడం మరిచి ఫోన్ అందుకుంది.

"ఓలే రజనీ, మీ నాన్నకేటో అయిపోనాదే. బేగి రా."

రజని మధ్యాహ్నానికల్లా వచ్చి గుమ్మంలోనే కొయ్యబారిపోయింది. నాన్నకు తన పని గిట్టలేదా, లేక అమ్మ భయపడుతున్నదే నిజమా? ఏదైనా తట్టుకోలేననిపించింది. దగ్గరికెళ్లి చూసింది. ఫ్రేము మేకులు ఊడదీసి, అగ్గిపుల్లకు దూది చుట్టి అద్దాడు. పసుపు రవ్వంతయినా గీత దాటలేదు. అది చూసి ఆమె మరింత బిత్తరపోయింది.

"నాన్నా, సచ్ బోలో, నిజం చెప్పు. బొమ్మ నచ్చలేదా?"

అప్పలకొండ మీసం సవరించుకుని బొమ్మకేసి చూశాడు.

"మొకం అచ్చం నాదేనే గుంటా. కళ్లు లేకపోయినా పోల్సుకున్నాను. ఆ తెల్ల టోపీ ఒకటే మనది కాదు. తిరిగిచ్చేసినాను."