సైదమ్మ జొన్నచేను, స్ట్రిక్టు తహశీల్దారు

కోస్గి దాపున ఒక పల్లెలో, మొగుడు పోయాక సైదమ్మకు మిగిలింది రెండు చేతులే. ఊరి పశువులు మేసే బంచరాయి అంచున ముళ్లపొదలు కొట్టి, రాళ్లేరి, ఇంత జాగా చేసుకుని జొన్న వేసింది. ఆ బంచరాయిలో సగాన్ని పటేలు బుచ్చయ్య ఎప్పుడో కలిపేసుకున్నాడు. అడిగినవాళ్లు లేరు.

1959లో, కంకి గింజ పట్టే వేళ, కొత్త తహశీల్దారు వస్తున్నాడనీ, ఆయన బాగా స్ట్రిక్టనీ ఊళ్లో పాకింది. సైదమ్మ ఆ మాట ఎన్నడూ వినలేదు. అంటే కొరడా తీస్తాడని పటేలు జీతగాడు పెద్దులు చెప్పాడు. కాదు, జైలుకు పంపుతాడని పొరుగింటి హనుమమ్మ అంది. ఆ భయాలు ఆమె ఎరిగినవే. దొరల కాలంలో ఆమె తండ్రి వీపు మీద బండతో ఎండలో వంగి నిలబడ్డవాడు; కాళ్ల మీద పడితే సాయంత్రానికి వదిలారు.

చివరికి బడిపంతులు రఘుపతిని అడిగింది.

“కొట్టడు, తిట్టడు సైదమ్మా. సర్కారు కాయిదా ఎట్లుంటె గట్ల జేస్తడు. ఎవరు మొక్కినా ఇనడు.”

ఆ మాట ఆమెను ఇంకా భయపెట్టింది. కొట్టేవాడికి ఎప్పటికైనా కోపం చల్లారుతుంది. మొక్కినా విననివాడి ముందు ఏం చేయాలి?

జీపు వచ్చింది. తహశీల్దారు సన్నటి మనిషి, గొంతు పెంచలేదు. గొలుసు వేయించి బంచరాయి కొలిపించాడు. సైదమ్మ వెళ్లి కాళ్ల మీద పడితే వెనక్కి జరిగాడు.

“లేమ్మా. కాళ్లు పట్టుకుంటే రూలు మారదు. పంట కోసుకో, తర్వాత భూమి వదిలెయ్.”

అదే గొంతుతో పటేలుకూ చెప్పాడు. ఊరంతా చూస్తుండగా పటేలు చేతులు కట్టుకుని తలవంచాడు. లేచి నిలబడుతున్న సైదమ్మ అది చూసింది. ఆమె చూడటాన్ని పటేలూ చూశాడు. అప్పుడు పట్టుకుంది ఆమెను అసలు భయం. జీపు దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయింది. పటేలు ఊళ్లోనే ఉన్నాడు.

“నీ చేను నిండుగున్నది సైదమ్మా,” అని మాత్రం అని, అతను ఇంటిదారి పట్టాడు.

ఆమె ఇంటికి పోలేదు. హనుమమ్మను బతిమాలి తెచ్చుకుని, పొద్దుగూకేలోగా పచ్చికంకులన్నీ కోసేసింది. తెల్లారి చూస్తే పటేలు పశువులు ఆ చేలో వట్టి దంట్లు నములుతున్నాయి.

ఎండబెడితే గింజ సగానికి సగం తాలైంది. ఆ చలికాలం పలుచని జొన్న గటకతో గడిచింది. తహశీల్దారుకు బదిలీ అయింది. తొలకరికి పటేలు నాగళ్లు మళ్లీ బంచరాయిలో దిగాయి. సైదమ్మ షాద్‌నగర్ పోయి, కిరాయి గుడిసెలో ఉంటూ కూలి చేసుకుంది. అక్కడ కొత్త మేస్త్రి న్యాయం తప్పడని ఎవరైనా అంటే, ఆమె ఒకటే అడిగేది: “మంచిదే బిడ్డా, మరి ఈడనే ఉంటడా?”