సంఘం వస్తున్నది, తొవ్వ ఎట్లున్నది?

దొంగతనం చేసి ఠాణాకెక్కిన వాళ్ళను మీరు చూసి ఉంటారు. దారి ఎలా ఉందని అడిగి ఠాణాకెక్కిన మనిషిని చూడకపోతే, ఇదిగో, నేనే. మెదక్ పట్టణంలో ఆ ఘనత నాకొక్కదానికే దక్కింది. ఇంకాస్త ఉంటే నా వెంట మా చర్చి మొత్తాన్నీ జైలుకు తీసుకుపోయేదాన్ని. తప్పిపోయింది, దేవునికి స్తోత్రం.

పోలీసు యాక్షన్ అయిపోయి చలికాలం దిగిన రోజులవి. నిజాం రాజ్యం పోయింది గానీ కమ్యూనిస్టుల కోసం మిలిటరీ వెతుకులాట ఆగలేదు. కొత్తగా కాపురానికి వచ్చిన నేను, దవాఖానాలో కాంపౌండరుగా ఉండే మా ఆయన, మా అత్తమ్మ, ఇంతే ఇంట్లో. ఆ ఏడు మా ఆయనకు టైఫాయిడ్ వచ్చి చావు గుమ్మం దాకా పోయి వచ్చాడు. తన కొడుకు లేచి నడిస్తే మంజీర ఒడ్డున కృతజ్ఞత కూడిక పెడతానని అత్తమ్మ ప్రభువుకు మాట ఇచ్చింది. పాపన్నపేట అవతల ఏరు పాయలుగా చీలి రాళ్ళ మధ్యన పరుగెత్తే చోట, ప్రతి చలికాలం మా వాళ్ళు గుడారాలు వేసి ప్రార్థనలు చేస్తారు. దాన్ని మేము క్యాంపు అంటాం. అత్తమ్మ బాప్తిస్మం పొందింది ఆ రాళ్ళ నడుమనే.

కానీ ఆ ఏడు చర్చి పెద్దలకు ధైర్యం చాలలేదు. తొవ్వ సంగతి, నీళ్ళ సంగతి రూఢిగా తెలిస్తే తప్ప క్యాంపు లేదన్నారు. అత్తమ్మ ముద్ద మింగడం మానేసింది. "ప్రభువు నా కొడుకును ఇచ్చిండు. నేను మాట తప్పుతున్న బిడ్డా" అంటూ గోడకు ఒరిగి కూర్చునేది. నేను చూడలేకపోయాను. కొంగు బిగించి, కనుక్కొస్తానని బయలుదేరాను.

మొదట ఎడ్లబండి తోలే కాసిం చిచ్చాను అడిగాను. యాక్షన్ అయిన నాటి నుంచి ఆయన బండి ఊరు దాటి పోవడం లేదు. ఎందుకని ఎవరూ అడిగేవారు కాదు. ఆయన ఎద్దు మెడ నిమురుతూ, "గీ దినాలల్ల తొవ్వ సంగతి అడగద్దు బిడ్డా, ఇంటికి పో" అన్నాడు. పోయే రకమైతే ఈ కథ ఎందుకు? నేరుగా పాపన్నపేట రస్తా మొదట్లో, వచ్చిపోయే వాళ్ళను ఆపి తనిఖీ చేసే పోలీసు నాకా దగ్గరికి నడిచాను.

ఇక్కడ నా చదువు గురించి చెప్పాలి. నేను బడి మొహం ఎరుగను. మా నాయన ఇంట్లోనే బైబిలు ముందు పెట్టి అక్షరాలు దిద్దించాడు. నా తెలుగంతా బైబిలు తెలుగే. అందులో సంఘమంటే చర్చిలో కూడుకునే విశ్వాసులు. నల్లగొండ దిక్కున సంఘమంటే తుపాకులు పట్టిన కమ్యూనిస్టులని నాకు కల కూడా రాలేదు.

నాకాలో జవాను బీడీ కాలుస్తున్నాడు.

"అన్నా, మంజీర దాక తొవ్వ ఎట్లున్నది?"

"ఎవలికమ్మా?"

"మా సంఘానికి."

బీడీ కింద పడింది. నేను ఆగితే కదా. రాళ్ళ నడుమ క్యాంపు వేస్తామని, ఆడా మగా మస్తుమందిమి వస్తామని, పాయలు దాటడానికి వీలవుతుందా అని, అక్కడ పోలీసులు ఉంటారా అని వరసగా అడిగేశాను. ఉంటే ధైర్యమని నేను అడిగాను. లేకుంటే బాగుండునని అడిగానని ఆయన అనుకున్నాడు.

"జర మా అమీన్ సాబ్‌ను అడుగుదాం రా అమ్మా" అన్నాడు. ఎంత మర్యాదస్తుడని మనసులోనే స్తోత్రం చెప్పుకున్నాను. తుపాకీ పట్టుకుని నా వెనకనే నడుస్తుంటే, ఆడమనిషికి తోడు వస్తున్నాడనుకుని మరీ మురిసిపోయాను.

ఠాణా మీద అధికారి అయిన ఆ అమీన్ సాబ్ నల్లగొండ దిక్కు నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. సంఘం వాళ్ళ వెంట పరుగెత్తీ పరుగెత్తీ చిక్కి కట్టెపుల్లలా ఉన్నాడు. నన్ను చూడగానే ఆయన ముఖం పెళ్ళిపందిరిలా వెలిగింది.

"మీ సంఘానికి పెద్ద ఎవడు?"

"ప్రభువు."

"ఏ ఊరు?"

"నజరేతు."

"అది ఏ తాలూకా?"

నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు.

"ఇప్పుడు ఏడున్నడు?"

"అంతట ఉన్నడు సాబ్. ఈడ గూడ ఉన్నడు."

అమీన్ సాబ్ కిటికీ వంక చూశాడు. జవాను బల్ల కిందికి వంగి చూశాడు.

"ఎన్నడన్న పోలీసులకు దొరికిండా?"

"దొరికిండు. దగ్గరోడే పట్టిచ్చిండు. సంపిండ్రు గూడ. మూడోనాడు లేసిండు."

అమీన్ సాబ్ నన్ను పైనుంచి కిందికి చూసి, పిచ్చిదో గడుసుదో తేలక నోరు తెరిచి ఉండగానే మా అత్తమ్మ, మా ఆయన పరుగున వచ్చారు. జవాను నన్ను తీసుకుపోవడం చూసి కాసిం చిచ్చానే వాళ్ళకు చెప్పాడట. నువ్వెవరని అడిగిన అమీన్ సాబ్‌కు అత్తమ్మ రొమ్ము విరుచుకుని, "నేను పుట్టినకాడికెల్లి సంఘమే" అంది. మా ఆయన తల పట్టుకుని, కిటికీలోంచి కనబడుతున్న చర్చి శిఖరం వైపు వేలు చూపించి, "సంఘమంటే గదీ సాబ్, చర్చి" అన్నాడు.

అమీన్ సాబ్ కుర్చీలో కూలబడ్డాడు. కాసేపటికి తేరుకుని, ఇకమీదట సంఘమనే మాట నోట రానియ్యబోమని ఒప్పుకుంటేనే క్యాంపుకు పోనిస్తానన్నాడు.

మా ఆయన ఊ అనబోయాడు. అత్తమ్మ ఇచ్చిన మాట నిలబడాలంటే మేము ఊ అంటే చాలు. కానీ నాకు ఎక్కడ లేని మొండితనం వచ్చింది.

"ఒప్పుకోం సాబ్. గా మాట మా గ్రంథంల ఉన్నది. తుపాకులోళ్ళు నిన్న మొన్న తీసుకున్నరు. మార్చుకునేదుంటే వాళ్ళనే మార్చుకోమనుండ్రి. వాళ్ళు దొరికినప్పుడు మీరే చెప్పుండ్రి."

మా ఆయన కళ్ళు మూసుకుని ప్రార్థించుకున్నాడు. అత్తమ్మ మాత్రం నా పక్కకు జరిగి నిలబడి, "అదంత సరే సాబ్. తొవ్వ ఎట్లున్నదో మా కోడలు అడిగింది గద, మీరు చెప్పకపోతిరి" అంది.

అమీన్ సాబ్ పెదవులు వణికాయి. కోపమనుకున్నాం, నవ్వు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని చెప్పాడు. రస్తా కింద నీళ్ళు పోయే మోరీ కొట్టుకుపోయిందట, బండ్లు పొలాల మీదుగా పోవాలట, పాయల్లో మోకాలి లోతు నీళ్ళేనట, రాళ్ళ మీద పాకుడు ఉందట, కట్టెలు వెంట తెచ్చుకోవాలట. పైగా ఇద్దరు జవాన్లను తోడు పంపాడు. ఆ మోరీ సంగతి నాకాలోనే చెప్పి ఉంటే అందరికీ శ్రమ తప్పేది.

క్యాంపు జరిగింది. అత్తమ్మ నీళ్ళలో నిలబడి పాడిన పాటకు రాళ్ళు కూడా వంత పాడాయి. రెండో పూట, గడ్డి బండి తోలుకు వస్తున్న రైతు ఒకడు మా గుడారాలు చూసి, వీళ్ళెవరని జవానును అడిగాడు. జవాను మా పులుసన్నం కలుపుకుంటూ, "సంఘపోళ్ళు" అన్నాడు. ఆ రైతు ఎద్దులను ఎట్లా మళ్ళించాడో, ఎట్లా పోయాడో తెలియదు. సగం గడ్డి జారిపడి మాకే మిగిలింది. ఎంత పిలిచినా తిరిగి చూడలేదు. పరుచుకుని పడుకుంటే రాళ్ళు ఒత్తుకోలేదు, దేవునికి స్తోత్రం.

ఆ గడ్డి మీద మోకరించి, బతికున్నంత కాలం ఇక తొవ్వ సంగతి ముందుగా ఎవరినీ అడగనని నేను గంభీరంగా ప్రమాణం చేశాను. సంఘం అనే మాట మానతానని మాత్రం అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను.