కలరా ఉండల వాసన

అమెరికాలో, పార్సిప్పనీ ఊళ్లో మా కింది అపార్ట్‌మెంట్‌లో ఉండే కృపావరం గారికి శుభ్రం ఒక పిచ్చి. మా తెలుగు చర్చిలో ప్రభు బల్ల మీద పరిచే తెల్లగుడ్డ ఉతికేది ఆవిడే. ఎవరి కాలరు నల్లబడినా ప్రార్థన మధ్యలో ఒక కన్ను తెరిచి మరీ చూసేవారు. ఆ కంటికి నేనూ చాలాసార్లు దొరికాను.

మనవరాలు ఫెబీకి దద్దుర్లు మొదలైతే అది తన తప్పేనన్నట్టు కుమిలిపోయారు. మూడేళ్ల పిల్ల. మోచేతుల మడతల్లో, మెడ కింద గోకి గోకి రసి కారేది. ఎగ్జిమా అన్నారు డాక్టరు. వాసన లేని సబ్బు వాడమన్నారు, డ్రయ్యర్‌లో వేసే వాసన కాగితాలు మానమన్నారు. కూతురు దెబోరా అన్నీ మార్చింది. దద్దుర్లు మాత్రం మెడ నుంచి వీపుకి పాకాయి.

"కింద లాండ్రీ మెషిన్లలో ఎవరు ఏం పోస్తున్నారో ఏంటో!" అంటూ కృపావరం గారు పాప బట్టలూ దుప్పట్లూ బాత్‌టబ్‌లో చేత్తో ఉతకడం మొదలుపెట్టారు. అరవై రెండేళ్ల మనిషి, నాలుగుసార్లు జాడించేవారు. నేను కేకలేస్తే, "నువ్వూరుకో అమ్మాయ్. దానికి తగ్గాలి గానీ నా నడుందేముంది?" అనేవారు. పైగా ప్రతి శుక్రవారం పాప కోసం ఉపవాస ప్రార్థన.

ఫెబీకి ఒక బొంత ఉంది. భర్త పోయాక ఆయన పంచెలు కలిపి ఆవిడ కుట్టుకున్నది. అది కప్పందే పిల్ల పడుకోదు. పొద్దున పాప లేవగానే దాన్ని దులిపి, మడిచి, తన చీరలుండే సూట్‌కేసులో పెట్టేసేవారు. అందులో మూల మూలకీ కలరా ఉండలు. ఆ పంచెలకి పురుగు పడితే ఆయన్ని మళ్లీ పోగొట్టుకున్నట్టేనని భయం. ఆ ఇంటికి ఎన్నిసార్లు వెళ్లానో, ఆ వాసన నాకెప్పుడూ తేడాగా అనిపించలేదు. మా అమ్మ బీరువా వాసనా అదే.

డిసెంబరులో పుండ్లు చీముపట్టి జ్వరం వచ్చింది. ఆసుపత్రిలో పిల్ల గోక్కోకుండా చేతులకి మేజోళ్లు తొడిగారు. పాప ఒంటికి తగిలేవన్నీ తెమ్మంది డాక్టరమ్మ. కృపావరం గారినీ, బొంతనీ నేనే కార్‌లో తీసుకెళ్లాను.

డాక్టరమ్మ సంచీ విప్పి, ఒక్క అడుగు వెనక్కి వేసి ఏదో అడిగింది. దెబోరా ముఖం పాలిపోయింది.

"ఏంటే ఆవిడ అనేది?"

"కలరా ఉండలమ్మా. బొంతకి పెడుతున్నావా?"

"పెట్టొద్దా మరి? అవి పురుగులకి కదే!"

"బట్టల్లో ఏమన్నా వేస్తున్నావా అని ఎన్నిసార్లు అడిగానమ్మా!"

"ఉతికేటప్పుడు ఏమీ వెయ్యలేదే. ఒట్టి నీళ్లే. దేవుడి తోడు."

అది నిజమే. అందుకే నాకు ఆవిడ మీద కోపం రాలేదు, నా మీద నాకే వచ్చింది. తిరిగొచ్చే దారంతా ఆవిడ ఒకటే మాట అన్నారు. "శుక్రవారాలు తిండి మానేసి మరీ కప్పానమ్మాయ్. నా చేత్తోనే."

ఆ సాయంత్రమే బొంత కింద చెత్త డంప్‌స్టర్‌లో పడేశారు. చీరలు మూడుసార్లు ఉతికినా వాసన వదల్లేదు, అవీ పడేశారు. కొత్త నైటీలు కొని, వాసన లేని సబ్బుతో ఉతుక్కుని వేసుకున్నారు. మేం వద్దన్నా తలస్నానం చేసి కూర్చున్నారు.

వారానికి పుండ్లు ఆరాయి, ఫెబీ ఇంటికొచ్చింది. పరిగెత్తుకెళ్లి అమ్మమ్మ ఒళ్లోకి ఎక్కి, ఆవిడ భుజం మీద ముక్కు పెట్టింది. ఇటు పెట్టింది, అటు పెట్టింది. మెల్లగా కిందికి జారింది.

"నువ్ అమ్మమ్మ స్మెల్ లేదు," అంది. "నా అమ్మమ్మ ఎక్కడ?"

కృపావరం గారు నవ్వబోయారు.

"ఉతికేశాను తల్లీ."