వెనక్కి తిరగకుండా కోయాల్సిన ఆకు

మా చెల్లెలు సుగుణ టీచరు. ఇరవై ఏళ్లు నిలబడి పాఠాలు చెప్పి చెప్పి పిక్కల మీద నరాలు ఉబ్బి మెలికలు తిరిగాయి. చీలమండ దగ్గర పుండు పడి ఆరు నెలలైనా మానలేదు. ఇంకా నిలబడితే కాలికే ముప్పని, ఉద్యోగం మానెయ్యమని డాక్టరుగారు చెప్పారు. పిల్లల్లేని సుగుణకి బడే ప్రాణం. నరాల్లో రక్తం సాఫీగా నడవడానికి సరస్వతి ఆకు మంచిదని, తిరువూరు వైపు ఒక ముసలామె ఇప్పిస్తుందని విని ఇద్దరం బయల్దేరాం.

బెజవాడలో ఉదయం ఏడింటికి ఎక్కిన ఎర్రబస్సు మైలవరం మీదుగా పదిన్నరకి తిరువూరు చేరింది. టికెట్టు మనిషికి మూడు రూపాయల లోపే. స్టాండు దగ్గర ఇడ్లీలు తిని, పెనుగొలను వైపు తిరిగి వెళ్తున్న ఎడ్లబండి ఎక్కాం. ఎక్కడికో చెప్పగానే బండతను, "రంగమ్మవ్వ దగ్గరికా? ఆమె చెప్పినట్టు చెయ్యండమ్మా. సొంత తెలివి వాడకండి" అన్నాడు.

అవ్వ ఇల్లు వాగు పక్కనే. ఆకు ఆమె కోయదు. రోగి గానీ, తోబుట్టువు గానీ కోయాలి.

"తెల్లారేప్పటికి వాగులో ఉండు. మాట్టాడమాక. ఎనక ఎవరు పిలిచినా తిరగమాక. తిరిగితే ఆ ఆకు పనికిరాదు."

"నేను ప్రార్థన చేసుకుంటూ కోస్తానవ్వా."

"చేసుకో. పెదాలు కదపమాక. ఆయనకి ఇనపడుద్దిలే."

తెల్లవారుజామున వాగు మీద పొగమంచు. ఒక్క కప్ప కూడా అరవడం లేదు. తడినేల మీద పాకిన గుండ్రటి ఆకులు కోస్తున్నాను. ఒడి సగం నిండింది.

"అక్కా."

సుగుణ గొంతు. తనని అవ్వ ఇంట్లో నిద్రలో వదిలి వచ్చాను. తల దించుకున్నాను.

"అక్కా, పడిపోతున్నా."

అమ్మ పోయినప్పటి నుంచి ఆ పిలుపుకి నేను పలకని రోజు లేదు. తిరిగాను. ఎవరూ లేరు. బురదలో నా అడుగులే ఉన్నాయి. ఇంటికి పరుగెత్తాను. సుగుణ నిద్రలోనే ఉంది.

అవ్వ నా ఒడిలో ఆకంతా పెంట మీద పోయించింది. "వాగు నీకింక ఆకు ఇవ్వదు. రేపు ఆ పిల్లే కోసుకోవాల."

"పిల్లేంటవ్వా, నాకు నలభై ఆరు" అని నవ్వింది సుగుణ.

"అయితే బుద్ధుంటదిలే. మీ అక్కకి లేదు."

మర్నాడు సుగుణ కుంటుతూ వాగులోకి దిగింది. నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఒడ్డున నిలబడ్డాను. కోస్తూ కోస్తూ ఆగింది. మళ్లీ ఆగింది. మూడోసారి తల అడ్డంగా ఊపింది గానీ తిరగలేదు. ఒడి నింపుకుని వచ్చి విసుక్కుంది.

"ఎందుకక్కా అన్నిసార్లు పిలిచావు? అదీ ఏడుస్తూ!"

నేను నోరు విప్పలేదని తనకి ఇంతవరకు చెప్పలేదు.

ఆకు రసం తాగింది, డాక్టరుగారు వేసిన కట్టూ విప్పలేదు. మూడో నెలకి పుండు మూసుకుంది. ఇప్పుడు కుర్చీలో కూర్చుని పాఠాలు చెబుతోంది. ఏది మాన్పిందో దేవుడికి తెలుసు. నా గొంతుతో తనని పిలిచింది ఎవరో అడగడానికి ప్రార్థనలో కూడా నాకు ధైర్యం చాలడం లేదు. నా ఏడుపు విని కూడా తను తిరగనందుకు మాత్రం రోజూ స్తోత్రం చెప్పుకుంటాను. వెళ్లేవాళ్లకి ఒక్క మాట: చూడటానికి ఇలాగే ఉండే ఆకు పక్కనే ఇంకొకటి మొలుస్తుంది, కాబట్టి ముందురోజు పగటి వెలుగులో అవ్వ చేత గుర్తు పట్టించుకోండి.